కాలర్ లోపలి పేరు

గోపాల్‌రావుకు పేరు లేని మనిషంటే పడేది కాదు. చలికి ఓర్చుకునేవాడు, ఉప్పు లేని కూరకు ఓర్చుకునేవాడు, లండన్‌ వెంబ్లీలో నలభై నిమిషాలైనా రాని బస్సుకు కూడా ఓర్చుకునేవాడు. కానీ ఎదురుగా ఒక మనిషి కనిపిస్తూ ఉండగా ఆ మనిషికి పేరు లేదని ఎవరైనా అన్నారో, ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. ముందు అడిగి చూసేవాడు. లాభం లేకపోతే పేరు తనే పెట్టేసేవాడు. పేరుతో ఆగేవాడా అంటే అదీ లేదు. ఊరు, భార్య, ఇష్టమైన కూర, అన్నీ అమర్చిన తర్వాతే నిమ్మళించేవాడు.

మామూలు మనిషికి ఈ జబ్బుంటే ఎవరూ పట్టించుకోరు. ఖర్మ కాలి ఆయన నటుడు. అదీ ఇంగ్లండులో, ఇంగ్లీషు టీవీ సీరియళ్ళలో. అక్కడ మన రంగు మనుషులకు దొరికే వేషాలు తెలిసినవే కదా. షాపు యజమాని, టాక్సీ డ్రైవరు, రెండో డాక్టరు. మొదటి డాక్టరుకు పేరుంటుంది, ప్రేమకథ ఉంటుంది, వీలైతే ఒక అగ్నిప్రమాదం కూడా ఉంటుంది. రెండో డాక్టరు తలుపు తీసుకుని వచ్చి, "రిపోర్టు వచ్చింది" అని చెప్పి వెళ్ళిపోతాడు. గోపాల్‌రావు ముప్పై రెండేళ్ళ పాటు అలా తలుపులు తీసుకుని వచ్చాడు, వెళ్ళిపోయాడు.

మొదటి వేషంతోనే గొడవ మొదలైంది. అది 1986. షాపు యజమాని వేషం. పాలసీసా కౌంటరు మీద పెట్టి, "ఇంకేమైనా కావాలా, మేడమ్?" అనాలి. అంతే.

"ఇతని పేరేమిటండీ?" అని డైరెక్టర్‌ను అడిగాడు.

"షాపు యజమాని."

"అది చేసే పని. పేరు అడుగుతున్నాను."

"పేరు అక్కర్లేదు."

"మరి వాళ్ళావిడ ఏమని పిలుస్తుంది?"

"ఆవిడ సీన్‌లో లేదు."

"సీన్‌లో లేకపోతే లేకపోయె, ఇంట్లో ఉంటుంది కదా."

ఇరవై నిమిషాలు షూటింగ్ ఆగింది. లైట్లవాళ్ళు కింద కూర్చుని టీ తాగారు. ఆఖరికి ఆ డైరెక్టర్ తల పట్టుకుని, నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో, నాకు మాత్రం చెప్పకు, అన్నాడు. గోపాల్‌రావుకు కావలసింది అదే. ఆ రోజు నుంచి ఆయన వేసిన నూట నలభై మూడు వేషాల్లో పేరు లేనివాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియదు, తీసేవాళ్ళకు తెలియదు. ఆయనకు తెలుసు, ఆయన ఫ్లాట్‌కు పైన ఉండే కస్తూరికి తెలుసు.

కస్తూరికి తెలియక చస్తుందా. ఆ పేర్లు కుట్టిందే ఆమె.

కస్తూరిది మెట్‌పల్లి. కొత్త పెళ్ళికూతురుగా వెంబ్లీ వచ్చింది. భర్త బ్రెడ్డు ఫ్యాక్టరీకి పోతే, ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేసేది, చీరలకు ఫాల్స్ కుట్టేది. పిల్లల్లేరు. కింద ఫ్లాట్‌లో కరీంనగర్ మనిషి ఉన్నాడని తెలిసి ఎంతో సంబరపడింది. ఆ సంబరం వారం రోజులే. ఎనిమిదో రోజున ఆయన నీలం చారల చొక్కా, ఒక చిన్న కాగితం ముక్క పట్టుకుని పైకి వచ్చాడు.

"చెల్లె, గీ పేరు కాలర్ లోపల కుట్టాలె. ఎర్రదారంతోని."

కాగితం మీద రాసి ఉంది: "భీమయ్య. కోరుట్ల. షాపు. చింతచిగురు పప్పంటే ప్రాణం."

"అన్నా, కాలర్ లోపల కుడితే ఎవరికి కనిపిస్తది?"

"ఏసుకున్నోనికి."

"ఏసుకునేది నువ్వే గద."

"కాదు చెల్లె. ఏసుకున్నంక నేను భీమయ్యను."

"మరి చింతచిగురు పప్పు గూడ కుట్టాల్నా?"

"అది కుట్టకు. అది మొకంల కనిపిస్తది."

ఆయనకు పగలు చేసే ఉద్యోగం ఇంకొకటి ఉండేది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే పని. ఈ పేర్ల పిచ్చి అక్కడే అంటుకుందని కస్తూరి అనుమానం. ఆయన కూడా కాదనలేదు. "పేరు లేని కవరు ఎటూ పోదు చెల్లె. మూలకు పడి ఉంటది. దాని లోపల ఏమున్నా ఎవరికీ అక్కెర లేదు. మనిషి గూడ గంతే." ఇంత మాట విన్నాక ఆమె సూదిలో ఎర్రదారం ఎక్కించేది.

ఒకసారి రెండో డాక్టరు వేషం వచ్చింది. కాగితం మీద: "డాక్టర్ సాబ్. సిద్దిపేట. భార్య నిర్మలాదేవి. సీన్‌ల లేదు, ఇంట్ల వంట చేస్తున్నది."

"సీన్‌ల లేని ఆమెకు నా దారం ఎందుకు దండుగ?" అని కస్తూరి కసిరింది.

"ఇంట్ల ఆమె ఎదురు చూస్తున్నదని తెలిస్తనే గద వాడు గడియారం చూసుకునేది."

గురువారం ఎనిమిదింటికి ఆమె, భర్త టీవీ ముందు కూర్చున్నారు. రెండో డాక్టరు తలుపు తీసుకుని వచ్చాడు, రిపోర్టు వచ్చిందన్నాడు, వెళ్ళబోతూ చటుక్కున గడియారం చూసుకున్నాడు. కస్తూరికి నవ్వాగలేదు. పాపం అన్నం చల్లారిపోతుందేమోనని ఆమెకే తొందర పుట్టింది. మొదటి డాక్టరు ఆ రోజు ఏం చేశాడో ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు లేదు.

సెట్లో అయితే సరే, బయట కూడా ఊరుకోడే. జీపీ సర్జరీలో, అంటే పేటలోని డాక్టరు క్లినిక్‌లో, షుగరు జబ్బు గురించి ఒక పాంప్లెట్ ఉండేది. దాని మీద మనవాడు ఒకాయన, పళ్ళెంలో క్యారెట్ ముక్కలు పెట్టుకుని విచారంగా కూర్చుని ఉంటాడు. గోపాల్‌రావు ఆయనకు రాజలింగం అని పేరు పెట్టాడు. వెళ్ళినప్పుడల్లా రిసెప్షనిస్టుతో ఆయన యోగక్షేమాలు మాట్లాడేవాడు. "రాజలింగం కొంచెం చిక్కాడమ్మా. ఆ క్యారెట్లు ఆయనకు పడడం లేదు." ఆ ఇంగ్లీషు పిల్ల మొదట బెదిరింది, తర్వాత అలవాటు పడింది. ఒక ఏడు కొత్త పాంప్లెట్లు వచ్చాయి. వాటి మీద రాజలింగం లేడు, ఎవరో తెల్లాయన ఉన్నాడు. గోపాల్‌రావు కౌంటరు దగ్గర నిలబడి, "రాజలింగానికి ఏమైంది?" అన్నాడు గాబరాగా.

ఆ పిల్ల ఒక్క నిమిషం ఆలోచించి, "షుగరు తగ్గిపోయింది. ఇంటికి పంపించేశాం" అంది. గోపాల్‌రావు ఆ సాయంత్రం కస్తూరి ఇంటికి వచ్చి ఆ శుభవార్త చెప్పి మరీ వెళ్ళాడు.

2018 సెప్టెంబరులో కస్తూరి భర్త పోయాడు. బంధువులు వచ్చారు, కర్మలు అయ్యాయి, ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. పద్నాలుగో రోజు సోమవారం. కస్తూరి పరదాలు తీయలేదు, పొయ్యి వెలిగించలేదు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పది గంటలకు తలుపు దబదబా మోగింది.

"అర్జెంటు చెల్లె. రేపు పొద్దుగాల షూటింగు."

చేతిలో చొక్కా, కాగితం ముక్క.

"నా మొగడు పోయి పద్నాలుగు దినాలు. నీకు షూటింగు ముచ్చటనా? మనిషివేనా నువ్వు?" అని కస్తూరి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన తల వంచుకుని గడపలోనే నిలబడ్డాడు. చొక్కా మాత్రం వెనక్కి తీసుకోలేదు. తిడుతూనే ఆమె పరదా లాగింది, వెలుగు లేనిది సూదిలో దారం ఎక్కదు కదా. తిడుతూనే మిషను మీది గుడ్డ తీసింది. కుట్టడం అయ్యేసరికి ఆయన టీ పెట్టి, బ్రెడ్డు కాల్చి పెట్టాడు. ఆ రెండూ మాడాయి.

అక్కడి నుంచి ప్రతి సోమవారం పది గంటలకు చొక్కా రావడం మొదలైంది. అంతకు ముందు రెండు మూడు నెలలకు ఒకటి వచ్చేది. ముసలితనంలో అన్నకు దశ తిరిగిందని కస్తూరి అనుకుంది. భర్త పోయాక ఆమె టీవీ పెట్టడం మానేసింది కాబట్టి ఏ వేషం ఎప్పుడు వచ్చిందో చూడలేదు. "ఎట్లొచ్చింది అన్నా?" అని అడిగేది. "మంచిగ వచ్చింది" అనేవాడు. చొక్కాలేమో అవే ఇరవై, తిరిగి తిరిగి వచ్చేవి. పాత పేరు విప్పడం, కొత్త పేరు కుట్టడం. భీమయ్య నీలం చారల చొక్కా మీద మాత్రం ఆయన కత్తెర పడనివ్వలేదు. సూది దిగీ దిగీ కాలర్లు జల్లెడలయ్యాయి.

"ఇన్ని పేర్లు యాడికెళ్ళి తెస్తవ్?" అని ఒకసారి అడిగింది.

"దొరుకుతయ్."

"నా పేరు ఎన్నడన్న పెట్టినవా?"

"నీకు తగ్గ వేషం రావాలె గద."

ఆ జవాబుకు కస్తూరి మూతి ముడుచుకుంది. పైకి అనలేదు గానీ ఆ చిన్న కినుక లోపల ఉండిపోయింది. సిద్దిపేటలో వంట చేసేదానికి దొరికిన వేషం, పై ఫ్లాట్‌లో కుట్టేదానికి దొరకలేదు.

ఈ ఫిబ్రవరిలో గోపాల్‌రావు నిద్రలోనే పోయాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, అయినవాళ్ళు ఈ దేశంలో లేరు. క్రిమటోరియంలో ఇరవై నిమిషాలు ఇచ్చారు, ఎనిమిది మంది వచ్చారు. చొక్కాలు తెచ్చి కస్తూరి తన ఇంట్లో పెట్టుకుంది. తర్వాతి సోమవారం తొమ్మిదిన్నరకే కెటిల్ పెట్టింది. పది కొట్టింది. పది దాటింది. నీళ్ళు కాగి, ఆగి, చల్లారాయి. తలుపు కొట్టేవాడు లేడని తెలిసి కూడా ఆమె పన్నెండు దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. ఒంటరిదాన్నయ్యానని ఆమెకు భర్త పోయినప్పటి కంటే ఆ సోమవారమే బాగా తెలిసింది.

ఏప్రిల్‌లో ఒక రోజు బస్టాపులో పోస్టరు చూసింది. రెండు గదుల చిన్న మ్యూజియం ఒకటి, ఇంగ్లీషు తెర మీద మనవాళ్ళ గురించి ఫోటోల ప్రదర్శన పెడుతోందట. పోస్టరు నిండా గోపాల్‌రావు. నల్ల జుట్టుతో, పాలసీసా పట్టుకుని, చింతచిగురు పప్పు తిన్న ముఖంతో ఉన్నాడు. కింద చిన్న అక్షరాల్లో: షాపు యజమాని. నటుడి పేరు తెలియదు.

కస్తూరి ఆ వాక్యం మూడుసార్లు చదివింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. లోకంలో పేరు లేని వాళ్ళందరికీ పేర్లు పెట్టుకుంటూ తిరిగిన మనిషి, తనే మూలకు పడిన కవరైపోయాడు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అక్కడే నిలబడి పోస్టరు మీది నంబరుకు ఫోన్ చేసింది.

అవతల అక్షర. ఇక్కడే లండన్‌ స్టాన్‌మోర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, ఆ ప్రదర్శన పని అంతా ఆమెదే. తెలుగు అర్థమవుతుంది, జవాబు సగం ఇంగ్లీషులో వస్తుంది, ఆంటీని కూడా తెలుగులోనే లెక్కేసుకోవాలి.

"ఐ బిలీవ్ యూ, ఆంటీ. బట్ ప్రూఫ్ కావాలి."

"ప్రూఫా? నలభై ఏండ్లు నా కింద ఫ్లాట్‌ల ఉన్నడు."

అట్లా కుదరదట. ఆ రోజుల్లో చిన్న వేషాలవాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదట. ఆనాటిదే ఏదైనా ఆధారం ఉంటే తప్ప గోడ మీద పేరు వేయకూడదట. గోడకు అంటించేవన్నీ సోమవారం పొద్దున ప్రింటుకు వెళ్తాయి. ఆ లోపల తెస్తే పేరు, లేకపోతే తెలియదు అన్న మాటే.

కస్తూరి నీలం చారల చొక్కా సంచిలో వేసుకుని మ్యూజియానికి వెళ్ళింది. ఫోటో పక్కన చొక్కా పరిచి, పైనుంచి మూడో గుండీ మీద వేలు పెట్టింది. "ఇది ఊడిపోతే నేనే కుట్టిన. తెల్లది దొరకక గోధుమరంగుది పెట్టిన. ఫోటోల చూడు." అక్షర భూతద్దం తెచ్చి చూసింది. ఫోటోలో కూడా మూడో గుండీ గోధుమరంగే. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"అమేజింగ్, ఆంటీ. ఇందులో పేరు కూడా ఉంది. ఏం రాసుంది?"

కస్తూరి కాలర్ తిప్పింది. తిప్పాక గానీ ఆమెకు తట్టలేదు.

"భీమయ్య" అంది నీరసంగా.

"సో, యాక్టర్ పేరు భీమయ్య?"

"కాదు బిడ్డా. భీమయ్యది షాపు. షాపుది కోరుట్ల. యాక్టరు గోపాల్‌రావు."

"దెన్ గోపాల్‌రావు పేరు ఎక్కడుంది?"

ఇంటికి వచ్చి ఇరవై చొక్కాలూ మంచం మీద పరిచి, కాలర్ కాలర్ తిప్పి చూసింది. ఒక్కదాంట్లోనూ ఆయన పేరు లేదు. "అందరి పేర్లు కుట్టిచ్చుకున్నవ్, నీది ఒక్కటి కుట్టిచ్చుకుంటే నా దారం అరుగుతుండెనా?" అని ఖాళీ గదిలో గట్టిగానే తిట్టింది. తిట్లకు జవాబు చెప్పే మనిషి లేకపోతే తిట్టులో కూడా పస ఉండదని ఆమెకు అప్పుడు తెలిసింది.

దాంతో ఆదివారం మధ్యాహ్నం సంతాపసభ పెట్టింది. గోపాల్‌రావును టీవీలో చూసినవాళ్ళు, ముఖ్యంగా 1986లో చూసినవాళ్ళు రావాలని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాయించింది. కమ్యూనిటీ హాలు ఒక గంటకు తీసుకుంది. ఎనిమిది మంది వస్తే గొప్ప అనుకుని పదిమందికి పులిహోర కలపాలనుకుంది.

శనివారం అక్షర ఫోన్ చేసింది. గోపాల్‌రావు చివరి ఏజెంటు దగ్గర వేషాల జాబితా దొరికిందట. 2001కి ముందువి అందులో లేవు, కాబట్టి ఫోటోకు పనికిరాదు. "బట్ ఆంటీ, లాస్ట్ రోల్ 2018 మార్చి. ఆ తర్వాత ఏమీ చెయ్యలేదు."

"అదెట్ల? మొన్న జనవరి దాకా నేను కుట్టిన."

"లేదు ఆంటీ. నథింగ్."

ఫోన్ పెట్టేశాక కస్తూరి మిషను ముందు కూలబడింది. ఆరేళ్ళు. సోమవారం సోమవారం. లేని షూటింగులకు, లేని వేషాలకు, కళ్ళద్దాలు పెట్టుకుని, వేళ్ళు పొడుచుకుని ఎర్రదారంతో పేర్లు కుట్టింది. మంచిగ వచ్చింది, మంచిగ వచ్చింది అన్నాడు. నన్ను ఇంత పిచ్చిదాన్ని చేశాడా అనిపించింది. ఉన్న ఒక్క నమ్మకమైన మనిషి కూడా అబద్ధాలకోరని తేలితే ఇంకేం మిగిలింది. సభ మానేద్దామనుకుంది. అప్పటికే చింతపండు నానబెట్టి ఉంది కాబట్టి మానలేదు.

ఆదివారం హాలు తలుపు తీసేసరికి బయట వరుస ఉంది. పది మంది కాదు, ఇరవై కాదు, అరవై మందికి పైనే. కర్రలు, వీల్‌చైర్లు, మందపాటి కోట్లు. ఎవరికి ఎవరూ తెలిసినట్టు లేరు. చాలామంది ఒక్కొక్కరుగానే వచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒకటో రెండో పోస్టుకార్డులు. కస్తూరి వాకిట్లో నిలబడి పేర్లు, అడ్రసులు అడిగి రాసుకోవడం మొదలుపెట్టింది.

ముందుగా సన్నగా, పొడుగ్గా ఉన్న పెద్దాయన వచ్చాడు. "నా పేరు శేషగిరి, తల్లీ. బేసింగ్‌స్టోక్ నుంచి వచ్చినా. నేను టాక్సీ డ్రైవర్ని."

"ఈ వయసుల గూడ టాక్సీ నడుపుతున్నరా?"

"ల్యా, నాది ఇన్సూరెన్స్ ఆఫీసు. గోపాల్‌రావు నడిపినాడు, నా పేరుతో. రెండుసార్లు సంపినాడు గూడా. మూడోసారైనా బతికించప్పా అని జాబు రాస్తే, బతికించినాడు."

వెనక తెల్లచీర ఆవిడ చేతులు జోడించింది. "నేను రెండో డాక్టరుగారి భార్యనండీ. నిర్మలాదేవి. సీన్‌లో ఉండను, వంట చేస్తూ ఉంటాను."

ఆ పేరు కస్తూరి కుట్టిన పేరు. శేషగిరి పేరు కూడా కుట్టింది, ఐదుసార్లు. తలెత్తి వరుసంతా చూసింది. ముప్పై తొమ్మిదేళ్ళుగా తన సూది కింద నుంచి వెళ్ళిన పేర్లు కోట్లు వేసుకుని నిలబడి ఉన్నాయి.

నిర్మలాదేవి కార్డు చూపించింది. గోపాల్‌రావు చేతిరాత. "గురువారం ఎనిమిదింటికి టీవీ పెట్టు చెల్లె. డాక్టర్ సాబ్ గడియారం చూస్తడు. నీ కోసమే." ఆవిడ చిన్నగా నవ్వింది. "మావారు వదిలేసి వెళ్ళిన ఏడాదండీ అది. ఈ దేశంలో నాకోసం గడియారం చూసే మనిషి ఆ రెండో డాక్టరు ఒక్కడే. ఆ ఒక్క సెకను కోసం నేను కొత్త చీర కట్టుకుని కూర్చున్నాను."

"ఈ మధ్య కూడా వేశాడండీ" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "నాకు పోయినేడు కస్టమ్స్ ఆఫీసరు ఇచ్చాడు. కానీ ఎడిటింగ్‌లో పోయాను."

"నేనూ అంతే. ఎడిటింగ్‌లో పోయా."

"నేను రెండుసార్లు పోయినా" అన్నాడు శేషగిరి. "ఆపరేషన్ అయి ఇంట్లో పడుండా. ముందు కార్డు వచ్చ, నువ్వు జడ్జివి, శుక్రవారం చూడు అని. రెండు గంటలు కండ్లు పగల చూసినా, జడ్జీ లేడు, కోర్టూ లేదు. మళ్ళా కార్డు. ఇంద, చదువు."

కస్తూరి చదివింది. "మాఫ్ చెయ్యి శేషగిరీ, ఎడిటింగ్‌ల పోయినవ్. నాకు మస్తు బాధైంది. ఆదివారం వస్తున్న. బజ్జీలు తెస్త."

"వచ్చినాడా?"

"రైలెక్కి వచ్చినాడు. బజ్జీలు సల్లగైపోయినాయి. సాయంత్రం దాకా కూర్చున్యాడు. నీ తీర్పు ఏంది, జడ్జిగా ఏం చెప్పుంటివి అని అడిగి అడిగి నాతో మాట్లాడించినాడు. వారం దినాలయిండె, నేను నోరు తెరిచి."

హాలంతా ఎడిటింగ్ గురించే గోల. ఎవరు ఎన్నిసార్లు పోయారో లెక్కలు చెప్పుకుంటున్నారు. ఇంతమందిని కోసేస్తే ఆ సీరియల్లో ఇంకెవరు మిగిలారని ఒకాయన న్యాయంగానే అడిగాడు. ఒక్కరితో ఒక్కరికి పరిచయం లేని వాళ్ళు, ఎడిటింగ్‌లో పోయిన వాళ్ళుగా చుట్టాలైపోయారు.

కస్తూరి కుర్చీ లాక్కుని కూర్చుంది. వేషాలు ఆగిపోయింది మార్చిలో. తన మొగుడు పోయింది సెప్టెంబరులో. పద్నాలుగో రోజున వచ్చిన అర్జెంటు షూటింగు ఏమిటో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఒక్క చొక్కా పట్టుకుని ఆ ముసలాయన రెండు తలుపులు తెరిపించాడు. సోమవారం తన తలుపు, ఆదివారం ఇంకొకరిది. తనకు తగ్గ వేషం రాలేదన్నాడు గానీ, ఆరేళ్ళు ఏ షూటింగూ లేకుండా తనకోసమే షూటింగు నడిపాడు. "దొంగ సచ్చినోడా" అనుకుంది. ఆరేళ్ళలో ఆయనను ఆమె అంత ప్రేమగా తిట్టింది లేదు.

అప్పుడు అక్షర ఒక వీల్‌చైరు తోసుకుంటూ గబగబా వచ్చింది. కుర్చీలో తొంభై దగ్గరపడిన పెద్దమనిషి, చెవుల్లో మిషన్లు.

"నేను భీమయ్యను" అన్నాడాయన. "కోరుట్ల. పోస్టాఫీసుల గోపాల్‌రావు పక్క బల్ల నాది."

"షాపు మీదేనా?" అని కస్తూరి ఆత్రంగా అడిగింది.

"టీవీల నాదే. బయట నాకు షాపెక్కడిది, బిడ్డా? పెడదామని మస్తు ఆశ ఉండె. కాలే. గోపాల్‌రావు పెట్టిచ్చిండు."

కోటు లోపలి జేబులోంచి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్న కార్డు తీశాడు. మీద రాణీగారి స్టాంపు, దాని మీద పోస్టాఫీసు ముద్ర, ముద్రలో 1986 స్పష్టంగా ఉంది. కస్తూరి పైకి చదివింది.

"భీమయ్యా, మంగళవారం ఏడున్నరకు చూడు. నీలం చారల అంగీ ఏసుకొని నువ్వు షాపు పెట్టినవ్. చేతిల పాలసీస. మూడో గుండి రంగు వేరే ఉంటది, ఏమనుకోకు, మా కస్తూరి అట్లనే కుట్టింది. నీ గోపాల్‌రావు."

అక్షర ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి, కార్డు వంకా, ఫోటోలోని మూడో గుండీ వంకా చూసింది. కళ్ళు తుడుచుకుని, ఈసారి అచ్చంగా తెలుగులోనే అంది. "చాలు ఆంటీ. ఇంకేం అక్కర్లేదు."

పదిమంది పులిహోర అరవై మందికి తలా ఒక చెంచా వచ్చింది. గంట అయిపోయిందని హాలు తాళాలాయన రెండుసార్లు వచ్చి, మూడోసారి తనూ ఒక చెంచా తిని వెళ్ళాడు.

ప్రదర్శన పై వారం గురువారం. సభ అయిన మర్నాటి నుంచి మూడు రోజులు కస్తూరి మిషను ముందు కూర్చుని అరవై నాలుగు పోస్టుకార్డులు రాసింది. అన్నిటి మీదా ఒకటే రాసింది: "గురువారం పదకొండింటికి రండ్రి. ఎడమ గోడ, రెండో ఫోటో. గోపాల్‌రావన్న పేరుతోని ఉన్నడు. కింద చిన్నగ నేను గూడ ఉన్న. ఈసారి ఎవ్వరు ఎడిటింగ్‌ల పోలే."

నిజంగానే ఉన్నారు. ఫోటో కింద, భీమయ్యగా గోపాల్‌రావు అని పెద్ద అక్షరాలు. పక్కనే గాజు పెట్టెలో నీలం చొక్కా, కాలర్ తిప్పి పెట్టి ఉంది. దాని కింద చీటీ: ఎర్రదారంతో పేరు కుట్టినవారు కస్తూరి. మ్యూజియంలో ఏ వస్తువు పెట్టినా చేసిన మనిషి పేరు రాయాలట, అది వాళ్ళ పద్ధతట. మంచి పద్ధతే అనుకుంది కస్తూరి. కాలర్‌లో భీమయ్య పేరు కింద ఎర్రగా, కొత్తగా ఇంకొక పేరు కూడా ఉంది. గోపాల్‌రావు, కరీంనగర్. పాత వస్తువు మీద కొత్త కుట్టు వేయకూడదని అక్షర ఎంత మొత్తుకున్నా ఆమె వినలేదు. నిర్మలాదేవి ఆ ఫోటో ముందు కొత్త చీర కట్టుకుని నిలబడింది.

అందరూ వీల్‌చైరులోని భీమయ్యతో ఫోటోలు దిగుతూ ఉంటే కస్తూరి పక్క ఫోటో దగ్గరికి వెళ్ళింది. ఆస్పత్రి వార్డు. ముందు వరసలో డాక్టరు, మంచం మీద రోగి. వెనక ట్రే పట్టుకుని మన రంగు అమ్మాయి, నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తోంది. కింద చీటీ: నర్సు. నటి పేరు తెలియదు.

కస్తూరి కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూసింది. ఇంకొంచెం వంగింది.

"అక్షరా, ఈమె పేరేంది?"

"తెలియదు ఆంటీ. మేం చాలా వెతికాం."

"తెల్వకపోతే ఎట్ల? ఏ ఊరు? ఇంట్ల ఎవరెవరున్నరు? ఆ పిల్ల పొద్దుగాల ఏమన్న తిన్నదా?"

వెనక శేషగిరి మెల్లగా అన్నాడు, "పాయ. ఈయమ్మకూ పట్టుకునింది."

కస్తూరి ఆ మాట పట్టించుకోలేదు. చేతిసంచిలో ఎర్రదారం ఉండ ఉందో లేదో తడిమి చూసుకుంది.

"సోమవారం పది గంటలకు ఇంటికి రా బిడ్డా. ఈ ఫోటో తీసుకొని రా" అంది. "చాయ్ నేను పెడ్త. ఇద్దరం కూసొని కనుక్కుందాం."